తలకిందులుగా పాతిన సీసా

పెళ్ళికి సరిగ్గా నెల రోజుల ముందు, పెళ్ళి జరగబోయే చోటనే, నిండు బర్బన్ సీసాను తలకిందులుగా పాతిపెడితే పెళ్ళినాడు వాన రాదు. మార్లో కౌంటీలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. సీసా నిండుగా ఉండాలి. మూతి కిందికి ఉండాలి. అందులో ఉన్నది బర్బన్ విస్కీయే అయి ఉండాలి. పెళ్ళయ్యాక తవ్వి తీసి అందరూ తాగాలి. నెల నిండకముందు గడ్డపార తగిలిందా, పాతినా పాతనట్టే.

ఈ నియమాలు ఎల్బర్ట్ స్టాంపర్‌కు కౌంటీలో అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే రెండుసార్లు తప్పినవాడు అతనొక్కడే. కూతురు రొవీనా పెళ్ళికి మొదటిసారి సీసాను నిటారుగా పాతాడు. జీవితమంతా బంగాళాదుంపల మొలకలు పైకి పెట్టి నాటిన చెయ్యి, అలవాటు ప్రకారం పోయింది. ఆ శనివారం తెల్లారింది మొదలు కురిసిన వానకు పెళ్ళి కుర్చీలు వాగులో తేలి పక్క ఊరికి చేరాయి. రెండోసారి తలకిందులుగానే పాతాడు గానీ, పక్క పొలం పందులు తవ్వుకు తాగేశాయి. పందులు మూడు రోజులు ఎండలో కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. వాన నాలుగు రోజులు పడింది.

పెళ్ళికొడుకు టోబిన్ ప్రూయిట్ మంచివాడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా తల్లి మాట దాటి ఎరగడు. ఆ తల్లి పేరు జెనీవా. గట్టు అవతల ఊరు. వాళ్ళ వంశంలో ఎవరి పెళ్ళీ కప్పు కింద జరగలేదు, ఎవరి పెళ్ళిలోనూ చినుకు పడలేదు. గుడారం వేద్దామంటే, "దేవుడి కళ్ళకు గంతలు కడతారా?" అని ఊరుకోబెట్టింది.

రెండో వాన వెలిశాక ఆవిడ స్టాంపర్ల వరండా మెట్టు మీద నిలబడి, తడిసిన టోపీ పిండుకుంటూ చెప్పేసింది.

"రెండుసార్లు నేను సర్దుకున్నాను అన్నయ్యగారూ. మూడోసారి కూడా చినుకు పడిందంటే దేవుడు వద్దంటున్నట్టే లెక్క. మావాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి పోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను, వాణ్ణి తొక్కనివ్వను."

"వానకీ దేవుడికీ ముడిపెడతావేంటి వదినా?" అంది ఎల్బర్ట్ భార్య ఓపల్.

"మరి సీసాకీ వానకీ ముడిపెట్టింది ఎవరు?"

టోబిన్ తన బూట్లు చూసుకున్నాడు. రొవీనా మాత్రం తండ్రి వైపు తిరిగి, "నాన్నా, ఈసారైనా..." అని ఆగిపోయింది. మిగతాది అనకపోవడమే ఎల్బర్ట్‌కు బరువైంది.

ఎల్బర్ట్ ముప్పై ఏళ్ళు విస్కీ పీపాలు బిగించే పనిచేశాడు. ఓకు చెక్కను వేలితో తట్టి అది కారుతుందో కారదో చెప్పగలడు. మనుషులతో మాత్రం అవసరమైతే తప్ప మాట్లాడడు. పెళ్ళిలో చేసిన ప్రమాణంతో ఆయన మాటలు సగం ఖర్చయిపోయాయని ఓపల్ అంటుంది. సాయంత్రం అయిదు కొట్టేసరికి వంటింటి బల్ల దగ్గర నిలబడి ఇద్దరికీ చెరో మన్‌హాటన్ కలుపుతాడు. పొడుగాటి గ్లాసులో మంచు ముక్కలు, రెండు పాళ్ళు బర్బన్, ఒక పాలు వెర్మూత్ అనే తీపి మూలికల ద్రాక్షసారా, పైన చేదు మూలికల సారం రెండు చుక్కలు. పొడుగు చెంచా వీపు గ్లాసు గోడకు ఆనించి, మంచు ముక్కలన్నీ ఒక్క ముక్కలా తిరిగేటట్టు తిప్పుతాడు. చిన్న చప్పుడు కూడా రాకూడదు. చప్పుడు వస్తే పారబోసి మళ్ళీ మొదలుపెడతాడు.

"ఏమయ్యా, చప్పుడు ఆగింది, అయిందా?" అని పక్క గదిలోంచి ఓపల్ అడుగుతుంది.

"చప్పుడెక్కడిది?"

"అదే, రాని చప్పుడు. అది ఆగింది."

ఆ కాపురంలో రోజువారీ సంభాషణ అదే.

మూడో పెళ్ళికి తొంభై మంది వస్తున్నారు. తొంభై గ్లాసులు ఒక్కొక్కటిగా తిప్పుతూ కూర్చుంటే కూతురి పెళ్ళి చూసే యోగం ఉండదు. అందుకని ఎల్బర్ట్ నెల ముందే అంతా కలిపి సీసాలకెత్తాడు. మార్లో కౌంటీ పొలాల మొక్కజొన్నతో పక్కనే విస్కీ కాస్తారు గానీ కౌంటీలో అమ్మకం నిషేధం, కాబట్టి బావమరిది క్లీటస్ నది దాటి వెళ్ళి ట్రక్కులో సరుకు తెచ్చాడు. ఎల్బర్ట్ ఒక పెద్ద పాల బిందెలో రెండు పాళ్ళు బర్బన్, ఒక పాలు వెర్మూత్ పోసి, చేదు చుక్కలు వేసి, మంచు కరిగితే దిగాల్సిన నీళ్ళ బదులు ఒక పాలు ఊట నీళ్ళు కలిపి, పడవ తెడ్డుతో చప్పుడు లేకుండా తిప్పాడు. ఖాళీ అయిన బర్బన్ సీసాల్లోనూ, ఇంట్లో పోగుపడ్డ అదే రకం ఖాళీ సీసాల్లోనూ నింపాడు. పన్నెండు సీసాలయ్యాయి. పాతిపెట్టడానికి అట్టేపెట్టిన అసలు బర్బన్ సీసా పదమూడోది. అన్నిటికీ ఒకటే చీటీ, ఒకటే రంగు.

అదే సాయంత్రం బల్ల మీది సీసా ఒకటి తీసుకుని పొగాకు కొట్టాం వెనక పచ్చికబయలుకు వెళ్ళాడు. మోకాలి లోతు తవ్వాడు. సీసాను తలకిందులుగా దింపి, తాపీవాళ్ళ తూకపు గుండు వేలాడదీసి మరీ చూశాడు. పందులు రాకుండా పైన సున్నపురాళ్ళు పేర్చాడు. మిగిలిన పన్నెండు సీసాలూ, నీటి ఊట మీద కట్టిన ఊట గదిలో చల్లటి నీళ్ళలో పెట్టాడు.

పెళ్ళి రేపనగా, శుక్రవారం పొద్దున, ఎలా ఉందో రుచి చూద్దామని ఊట గదిలోకి పోయాడు. మొదటి సీసా మూత తీసి గ్లాసు అడుగున కొంచెం పోసుకున్నాడు. బాగుంది. రెండోదీ బాగుంది. ఏడో సీసా నాలుక మీద పడగానే గ్లాసు కింద పెట్టేశాడు. మళ్ళీ తాగి చూశాడు. వెర్మూత్ లేదు, చేదు లేదు, ఒక్క నీటిచుక్క లేదు. అచ్చమైన బర్బన్.

అయితే నేలలో ఉన్నది మన్‌హాటన్.

ఎల్బర్ట్ ఊట గది గట్టు మీద కూర్చున్నాడు. ఒక కప్ప వచ్చి ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. తర్వాత క్లీటస్ వచ్చాడు.

"ఏంటి బావా, మొహం అలా పెట్టావు? ఎవరన్నా పోయారా?"

ఎల్బర్ట్ గ్లాసు అందించాడు. క్లీటస్ తాగి, పెదవులు తుడుచుకుని, "మహా బాగుంది" అన్నాడు.

"అది పాతాల్సింది."

క్లీటస్‌కు అర్థమవడానికి ఇంకో గుక్క పట్టింది. "ఓరి దేవుడా! సరే, ఏముంది, ఇప్పుడే తవ్వి మార్చేద్దాం పద."

"నెల నిండాలి."

"నేల లోపల ఎప్పుడు పెట్టామో పైవాడికేం తెలుస్తుంది బావా?"

"పందుల సంగతి తెలిసింది."

క్లీటస్ దానికి తల ఊపాడు. ఇద్దరూ కలిసి పాస్టర్ హోల్‌బ్రూక్ దగ్గరకు వెళ్ళారు. పాస్టరుగారు మందు ముట్టరు. చర్చి గుమ్మం ముందు గులాబీ మొక్కలకు కత్తెర వేస్తూ మొత్తం విన్నారు.

"నాకు ఈ పాపిష్టి సంగతులేమీ తెలియవు. ఎవరో అనుకుంటుంటే చెవిన పడింది, రెండు పాళ్ళకు ఒక పాలు కదూ వెర్మూత్?"

"అవునండి."

"నీళ్ళు?"

"నాలుగో వంతు."

పాస్టరుగారు కత్తెర ఆపారు. "నాలుగో వంతే! ఎక్కువైంది ఎల్బర్ట్. అయిదో వంతు దాటకూడదు. అని అనుకుంటుంటే విన్నాను."

"దాని వల్ల వాన ఎంత పడుతుందో చెప్పండి పాస్టరుగారూ," అన్నాడు క్లీటస్.

"సీసాలో సగమే బర్బన్. కాబట్టి సగమే పొడి."

"ఏ సగం?"

"అది మాత్రం పైవాడి ఇష్టం," అని ఆయన మళ్ళీ కొమ్మలు కత్తిరించసాగారు. "అయినా జెనీవమ్మకు ముందే చెప్పేయడం మంచిది. కనీసం నీ కూతురికి."

ఎల్బర్ట్ చెప్పేద్దామనే ఇంటికి వచ్చాడు. రొవీనా అమ్మమ్మ నాటి పట్టు గౌనుకు ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"సీసా బాగానే ఉందా నాన్నా?"

"నిండుగా ఉంది."

అది నిజమే. ఆ నిజం చెప్పి, వెనక తలుపులోంచి బయటికి పోయి, కొట్టాం గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

శనివారం రెండు గంటలకు ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. పచ్చికబయలులో ఎడమ వైపు స్టాంపర్లు, కుడి వైపు ప్రూయిట్లు, మధ్యన దారి. కొట్టాం నీడలో ఇంటికో పొర చొప్పున తెచ్చి పేర్చిన ఆపిల్ కేకు పదకొండు పొరలకు చేరి కొంచెం ఒరిగింది. పాస్టరుగారు దారి చివర పుస్తకం విప్పారు. రొవీనా ఎడమన, టోబిన్ కుడిన నిలబడ్డారు. ఎల్బర్ట్ ఆకాశం వంక తప్ప ఎటూ చూడటం లేదు.

గట్టు మీంచి ఒక మబ్బు వచ్చింది. పెద్దదేం కాదు. పచ్చికబయలు ఎంతో అంతే ఉంది. వచ్చి, దుప్పటి పరిచేవాళ్ళు అంచులు సరిచూసుకున్నట్టు అటూ ఇటూ జరిగి, సరిగ్గా పైన ఆగింది.

కుడి సగంలో వాన మొదలైంది.

గీత గీసినట్టు పడింది. ఎడమ వైపు వరసలో ఓపల్ ఒడిలోని విసనకర్ర మీద దుమ్ము అలాగే ఉంది. కుడి వైపు మొదటి కుర్చీలో జెనీవా టోపీ మీది గుడ్డపూలు తలలు వాల్చాయి. ఆవిడ అన్నగారు కాళ్ళు దారిలోకి చాపుకుని కూర్చున్నాడు. ఆయన కుడి బూటు నిండి పొర్లింది, ఎడమ బూటు తళతళలాడుతూ ఉంది. పాస్టరుగారి పుస్తకంలో ఒక పేజీ చదవడానికి బాగుంది, రెండో పేజీ జావగా కారుతోంది.

కుడి సగం కూడా మళ్ళీ రెండుగా విడింది. ముందు వరసల్లో మామూలు నీళ్ళు. వెనక వరసల్లో సన్నటి జల్లు, ఎర్రగా, తియ్యగా, మూలికల వాసనతో. ప్రూయిట్ల ముసలాయన ఒకడు, పదేళ్ళుగా చెవులు వినపడనివాడు, నాలుక బయటపెట్టి రుచి చూశాడు.

"వెర్మూత్!" అని అరిచాడు. "చవక రకం!"

రెండు ముదురు గోధుమరంగు చుక్కలు, వేరే ఎక్కడా కాకుండా, టోబిన్ తెల్ల చొక్కా మీద పడ్డాయి.

జెనీవా లేచింది. "టోబిన్, పద."

"అమ్మా, సగమే కదా..."

"నాయనా, నువ్వు నిలబడ్డ సగం ఏంటో చూసుకో. పద."

ఎల్బర్ట్ లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం చూసి తొంభై మందీ వానను మర్చిపోయారు. ఆ మనిషి నలుగురిలో మాట్లాడగా ఎవరూ చూడలేదు.

"చెల్లెమ్మా, ఇది దేవుడు కాదు. నేను. సీసా మారిపోయింది. మన్‌హాటన్ పాతాను."

జెనీవా టోపీ సరిచేసుకుంది. వాన ఆవిడ ముక్కు మీంచి కారుతోంది. "ఎవరు చేసినా వాన వానే అన్నయ్యగారూ. నేను చినుకు అన్నాను, ఎవరి చినుకు అనలేదు."

రొవీనా తండ్రి వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "నిండుగా ఉందన్నావు నాన్నా."

"నిండుగానే ఉంది," అన్నాడు ఎల్బర్ట్. అంతకంటే హీనమైన మాట తన నోట ఎప్పుడూ రాలేదని అప్పుడే తెలిసింది.

అంతలో కొట్టాం దగ్గర రాళ్ళ చప్పుడు. క్లీటస్ గడ్డపార పట్టుకుని గుంటలో మోకాళ్ళ మీద ఉన్నాడు.

"నాకు తెలిసిపోయింది బావా! నెల రోజులు కదపకుండా ఉంచావు. అందుకే విడిపోయి దేని వాన అది కురుస్తోంది. బాగా కలిస్తే సర్దుకుంటుంది!" అంటూ సీసా పైకి లాగి, రెండు చేతులతో చెవి దగ్గర పెట్టుకుని గడగడా ఊపడం మొదలుపెట్టాడు.

"ఊపకురా!"

ఎల్బర్ట్ అరిచిన ఆ అరుపు గట్టు అవతల ఆవులకు వినపడింది. పళ్ళరసాల్లాంటివి కలవని మందును తిప్పాలి, ఊపకూడదు. ఊపితే గాలి దూరి, నురగ కట్టి, తేటగా ఉన్నదంతా మురికి పాలలా అయిపోతుంది. ముప్పై ఏళ్ళలో ఎల్బర్ట్ వంటింట్లో అలాంటి పని జరగలేదు.

వాన చటుక్కున ఆగింది. పైనున్న మబ్బు నురగలా పొంగి, తెల్లగా, మెల్లగా, తొంభై మంది మీదికి దిగి కూర్చుంది. ఎవరి బూట్లు వాళ్ళకే కనపడలేదు. చెయ్యి చాపితే ఎవరిది వాళ్ళకే మణికట్టు దాకా మాయమైంది.

"టోబిన్!" జెనీవా గొంతు. "చెయ్యి ఇటివ్వు! ఆఁ, దొరికావు. నోరెత్తకు, నడువు!"

ఈడ్చుకుపోతున్న చప్పుడు, దానితోపాటు క్లీటస్ గొంతు దూరమవుతూ వినపడింది. "అమ్మా, నేను కాదమ్మా... అమ్మా, నేను..."

"నోరెత్తకన్నానా!"

ఎల్బర్ట్ తడుముకుంటూ గుంట దగ్గరికి చేరాడు. గడ్డిలో పడి ఉన్న సీసా చేతికి తగిలింది. అందులో నురగ ఇంకా బుసబుసమంటోంది. మెడ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అడుగు అరచేతిలో ఉంచి, చెంచా తిప్పినట్టే మెల్లగా తిప్పసాగాడు. ఒకటి. రెండు. మూడు. మబ్బు ఇంకా కిందికి దిగడం ఆగింది. ఒకసారి తుమ్ము వచ్చి చెయ్యి ఆగేసరికి మెడ మీద చల్లగా చినుకు పడబోయినట్టయింది. గబుక్కున మళ్ళీ తిప్పాడు. పడబోయిన చినుకు పడలేదు.

"వాన పడుతోందా ఎవరికన్నా?" పాస్టరుగారి గొంతు.

"లేదండీ," అన్నారు అటు నుంచీ ఇటు నుంచీ.

"ఇది పొగమంచు. పొగమంచు గురించి జెనీవమ్మ ఏమీ అనలేదు. పెళ్ళికూతురా, ఉన్నావా?"

"ఉన్నాను."

"పెళ్ళికొడుకా?"

గడ్డిలో బూట్లు అటూ ఇటూ తిరిగిన చప్పుడైంది. తర్వాత టోబిన్ అన్నాడు, ఆశ్చర్యంగా. "అమ్మ కనపడటం లేదు."

"నేను అడిగింది నువ్వు ఉన్నావా అని."

"ఉన్నాను పాస్టరుగారూ."

"అయితే కానిద్దాం. ఈ పిల్లను ఇస్తున్నది ఎవరు?"

అది తండ్రి చెప్పాల్సిన మాట. 'నేను' అంటే చాలు. ఎల్బర్ట్ నోరు తెరిచాడు. చెయ్యి ఆపకూడదు, లెక్క తప్పకూడదు.

"ముప్పై ఏడు," అన్నాడు.

"ఎవరు ఇస్తున్నారు అంటున్నాను."

"ముప్పై ఎనిమిది."

"ఎల్బర్ట్, పిల్లను ఇస్తున్నావా లేదా?"

"ముప్పై తొమ్మిది!" ఈసారి గట్టిగా అరిచాడు.

"ఇస్తున్నాడు పాస్టరుగారూ," అంది ఓపల్, ఎక్కడో తెలుపులోంచి. "ఇంతకంటే తేటగా ఆయన నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. మీరు కానివ్వండి."

పాస్టరుగారు జావ కాని పేజీని ముక్కుకు ఆనించుకుని చదివి, మిగతాది కంఠతా చెప్పారు. రొవీనా ఒప్పుకుంది. టోబిన్ ఒప్పుకున్నాడు, అదీ అడగకముందే, కౌంటీ అంతా వినపడేంత గట్టిగా. ఉంగరం ఎవరి వేలికో పోయి తిరిగి వచ్చింది. ముద్దు పెట్టుకోమంటే కొంచెం తడబాటు జరిగింది. "ఇటు కాదమ్మా, అది నా చెవి, ఎడమకు, ఇంకొంచెం ఎడమకు," అన్నారు పాస్టరుగారు. తర్వాత స్టాంపర్లూ ప్రూయిట్లూ చప్పట్లు కొట్టారు, పక్కనున్నది ఎవరో తెలియక అందరితో కరచాలనం చేశారు.

చప్పట్లు విని జెనీవా గేటు దగ్గర నుంచి వెనక్కు వచ్చింది. క్లీటస్‌ను కారులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాకే చూసుకుందట.

"అయిపోయిందా?"

"అయిపోయింది వదినా," అంది ఓపల్.

"చదువుతున్నప్పుడు చినుకు పడిందా? దేవుడి మీద ఒట్టేసి చెప్పండి పాస్టరుగారూ."

"ఒక్కటి పడలేదమ్మా."

జెనీవా అరచెయ్యి చాపి చాలాసేపు నిలబడింది. ఆ చెయ్యి ఎవరికీ కనపడలేదు గానీ, ఆవిడ ఊపిరి బిగపట్టడం వినపడింది. తర్వాత ముక్కు చీదుకుంది. "పడలేదు," అంది. "మొదట్లో పడ్డది అతిథుల మీద. అది పెళ్ళి కిందికి రాదు. టోబిన్, ఎక్కడున్నావురా? భార్య చెయ్యి పట్టుకున్నావా? సరిగ్గా చూసుకో, దాని చెయ్యేనా? పొరపాట్లు జరుగుతున్నాయి." ఆ తర్వాత గుంట వైపు తిరిగి గొంతు పెంచింది. "అన్నయ్యగారూ, మీరు మాత్రం చెయ్యి ఆపకండి. కేకు కొయ్యాలి, ఫోటో తియ్యాలి."

"ఫోటోలో ఏం కనిపిస్తుంది వదినా?" అంది ఓపల్.

"తడవలేదని కనిపిస్తుంది."

ఎల్బర్ట్ ఆపలేదు. కేకు కోసిన చప్పుడు, ఉప్పు పంది మాంసం వాసన, ఫిడేలు శ్రుతి చేసిన చప్పుడు ఒక్కొక్కటే తెలుపులోంచి వచ్చి ఆయన్ని దాటి పోయాయి. అరచెయ్యి పొక్కింది. ఎప్పటికో గడ్డి మీద పట్టు గౌను జీరాడిన చప్పుడైంది. ఆయన లెక్కపెడుతున్న గొంతు ఆనవాలు పట్టుకుని వచ్చినట్టుంది రొవీనా. పక్కనే, గుంట గట్టు మీద, అమ్మమ్మ గౌనుతో అలాగే మట్టిలో కూర్చుంది.

ఎల్బర్ట్ అంకెల మధ్య సందు చూసుకుని అన్నాడు. "నిన్ననే చెప్పాల్సింది."

"అవును."

ఇంకో పది చుట్లు తిరిగాయి.

"ఇటివ్వు," అంది రొవీనా. "నువ్వు వెళ్ళి ఏదన్నా తిను. అమ్మ నీకు ప్లేటు సర్ది పెట్టింది." ఆయన వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, ఆగకుండా, తిరుగుతున్న సీసాను తిరుగుతున్నట్టే అందుకుంది. "ఎక్కడిదాకా వచ్చింది?"

"వెయ్యిన్నూట పన్నెండు."

"పదమూడు," అంది రొవీనా.